పేరు మార్చే బిల్లుకు చేయెత్తే ముందు: రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభ, శాసనమండలి సభ్యులకు,

నమస్కారాలు.

ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 మంది, మండలిలో 58 మంది. తెలంగాణ శాసనసభలో 119 మంది, మండలిలో 40 మంది. మీ అందరికీ కలిపి ఈ ఒక్క లేఖ రాస్తున్నాను. విడివిడిగా రాసిన వాటికి జవాబు రాలేదు. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరును 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కు మార్చినప్పుడు కొందరం కలిసి వినతిపత్రం పంపాం. 2024లో ఆ పేరును తిరిగి మార్చినప్పుడు మళ్లీ పంపాం. మొదటిసారి మమ్మల్ని తెలుగుదేశం మనుషులన్నారు, రెండోసారి వైఎస్సార్ కాంగ్రెస్ మనుషులన్నారు. వినతిపత్రంలో ఏముందో చదివినట్లు మాత్రం ఎవరూ కనబడలేదు. రెండుసార్లూ మేము అడిగింది ఒకటే: ప్రభుత్వం మారినప్పుడల్లా సంస్థల పేర్లు మార్చవద్దని.

నేను ఒక ప్రభుత్వ వైద్య కళాశాల కార్యాలయంలో విద్యార్థుల రికార్డులు చూసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్లు, స్టడీ సర్టిఫికెట్లు, సీళ్లు, లెటర్‌హెడ్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. సభలో నిమిషాల్లో తేలిపోయే పేరు కార్యాలయాల్లో ఎన్ని సంవత్సరాలు తిరుగుతుందో నాకు తెలుసు. అందుకే ఈ మాట నేను చెప్పడం తగునని అనుకుంటున్నాను.

ముందు జరిగిన సంగతులు. వీటిపై ఏ పార్టీకీ అభ్యంతరం ఉండదు.

1986లో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు వైద్య విద్య కోసం ప్రత్యేకంగా విజయవాడలో ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడింది. అంతకు ముందు వైద్య కళాశాలలు ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర వంటి ప్రాంతీయ విశ్వవిద్యాలయాల కింద ఉండేవి. 1996 జనవరిలో రామారావు మరణించారు. 1998లో విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. 2006లో ఆ పేరు ముందు ‘డాక్టర్’ అనే మాట చేరింది. అప్పటి ముఖ్యమంత్రి ఎవరో గుర్తు చేసుకోండి: వై.ఎస్. రాజశేఖరరెడ్డి. రాజకీయ జీవితంలో చాలా భాగం తెలుగుదేశంతో పోరాడిన నాయకుడి హయాంలోనే ఆ గౌరవం చేరింది. పేరు తీసేయాలన్న ఆలోచన ఆయన ప్రభుత్వానికి వచ్చినట్లు ఎక్కడా కనబడదు.

2022 సెప్టెంబరు 21న, శాసనసభ సమావేశాల చివరి రోజున, రామారావు పేరు తీసి రాజశేఖరరెడ్డి పేరు పెట్టే సవరణ బిల్లు ఆమోదం పొందింది. అధికార భాషా సంఘం అధ్యక్షుడిగా ఉన్న యార్లగడ్డ లక్ష్మీప్రసాద్ నిరసనగా పదవికి రాజీనామా చేశారు. రాజశేఖరరెడ్డి కుమార్తె షర్మిల కూడా ఆ మార్పును తప్పుబట్టారు. ప్రభుత్వం వినలేదు. 2024లో ప్రభుత్వం మారింది. జులైలోనే, కొత్త సభ ఏర్పడిన కొద్ది వారాలకే మరో సవరణ బిల్లు వచ్చింది, పాత పేరు తిరిగి వచ్చింది.

ఇద్దరిలో ఎవరికి అర్హత ఉందన్న వాదనలోకి నేను వెళ్లను. ఇద్దరికీ ఉంది, చిక్కంతా అక్కడే. ఒకరు ఆ విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. మరొకరు స్వయంగా ఎం.బి.బి.ఎస్. చదివిన వైద్యుడు, పులివెందులలో ప్రాక్టీసు చేసినవారు, ఆరోగ్యశ్రీని తెచ్చినవారు. అర్హత లేనివారి పేరైతే తీసేయడం సులువు, ఎవరూ బాధపడరు. అర్హత ఉన్న ఇద్దరిని ఒక బోర్డు మీద పోటీకి నిలబెట్టి, ఎన్నికల ఫలితాన్ని బట్టి ఒకరిని దింపి మరొకరిని ఎక్కించడం వల్ల ఆ ఇద్దరికీ అవమానమే మిగులుతుంది. 2022లో రాజశేఖరరెడ్డి పేరు పెట్టినవారు ఆయనకు ఇచ్చింది రెండేళ్లు కూడా నిలవని గౌరవం. అది తెలిసి కూడా ఆ పని చేశారనుకోవడానికి నాకు మనసొప్పదు, తెలియక చేశారనుకుంటే ఇంకా కష్టంగా ఉంది.

ఇక సామాన్యుల మీద పడిన భారం. మీరు సభలో చర్చించనివి ఇవే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

1. పట్టా సంగతి. 2019లో ఎం.బి.బి.ఎస్.లో చేరిన విద్యార్థి లెక్క చూడండి. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ. చేరినప్పుడు విశ్వవిద్యాలయం రామారావు పేరుతో ఉంది. చదువు మధ్యలో రాజశేఖరరెడ్డి పేరుకు మారింది. హౌస్ సర్జన్సీ పూర్తయ్యేసరికి మళ్లీ రామారావు పేరు వచ్చింది. ఆ విద్యార్థి ఫైలులో మొదటి మెమోల మీద ఒక పేరు, తర్వాతి మెమోల మీద ఇంకో పేరు, పట్టా మీద మళ్లీ మొదటి పేరు. మన ఊరి ఆసుపత్రిలో దీన్ని ఎవరూ అడగరు. ఇంకో రాష్ట్రంలో మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కో, విదేశంలో పరీక్షకో దరఖాస్తు చేసినప్పుడు అడుగుతారు. ‘ఈ రెండూ ఒకే సంస్థ అని రుజువు తెండి’ అంటారు. ఆ రుజువు ఇవ్వాల్సింది విశ్వవిద్యాలయం. తెచ్చుకోవాల్సింది ఆ పిల్లవాడు.

డాక్టర్లకైనా నలుగురు తెలిసినవారు ఉంటారు, ఎలాగో నెట్టుకొస్తారు. నర్సుల సంగతి చూడండి. ఇదే విశ్వవిద్యాలయం బి.ఎస్సీ. నర్సింగ్, ఫిజియోథెరపీ, డెంటల్, ఆయుర్వేదం, హోమియో పట్టాలు కూడా ఇస్తుంది. గల్ఫ్ దేశాలకు ఉద్యోగానికి వెళ్లే నర్సు పట్టాను అక్కడి ఆరోగ్య అధికారులు నేరుగా పట్టా ఇచ్చిన సంస్థతోనే సరిచూసుకుంటారు. దరఖాస్తులో రాసిన పేరు ఒకటి, జవాబు వచ్చిన లెటర్‌హెడ్ మీద పేరు మరొకటి అయితే ఫైలు పక్కకు పోతుంది. ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టిన కుటుంబానికి ఒక్క నెల ఆలస్యమంటే ఏమిటో మీ నియోజకవర్గంలో ఎవరినైనా అడగండి. కోనసీమలోనో, పశ్చిమ గోదావరిలోనో అడిగితే ఇంకా బాగా చెబుతారు.

2. తెలంగాణ వైద్యుల సంగతి. ఈ మాట విజయవాడలో కానీ, వెలగపూడిలో కానీ ఎవరూ ఎత్తినట్లు లేదు. కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం రాకముందు ఉస్మానియా, గాంధీ, కాకతీయ వైద్య కళాశాలలు కూడా విజయవాడ విశ్వవిద్యాలయం పరిధిలోనే ఉండేవి. ఈ రోజు వరంగల్‌లో, హైదరాబాద్‌లో, షికాగోలో, లండన్‌లో పనిచేస్తున్న వేలాది తెలంగాణ వైద్యుల పట్టాలు అక్కడివే. వారు ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఓటు వేయరు. వారి పట్టా ఇచ్చిన సంస్థ పేరు వారిని అడగకుండా రెండుసార్లు మారింది. కార్యాలయాల మధ్య ఉత్తరాలు నడపాల్సి వచ్చినప్పుడు ఏ రాష్ట్ర ప్రభుత్వం వారి తరఫున మాట్లాడుతుంది?

3. బోర్డులు, కాగితం, సాఫ్ట్‌వేర్, సీళ్లు. ఒక విశ్వవిద్యాలయం పేరు మారితే దాని ప్రాంగణంతో పాటు అనుబంధ కళాశాలలన్నింటిలో బోర్డులు, రశీదు పుస్తకాలు, హాల్ టికెట్లు, జవాబు పత్రాలు, వెబ్‌సైట్, బ్యాంకు ఖాతాల పేర్లు, ఒప్పందాలు మార్చాలి. రెండేళ్లలో రెండుసార్లు. ఈ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? విద్యార్థుల పరీక్ష ఫీజుల నుంచి, అఫిలియేషన్ ఫీజుల నుంచి, ప్రభుత్వ ఖజానా నుంచి. పేరు మారడానికి ముందు ఏడాది, 2021లో, ఇదే విశ్వవిద్యాలయం నిధులను ప్రభుత్వ ఆర్థిక సంస్థకు బదిలీ చేయడంపై సిబ్బంది ఆందోళనకు దిగారు. నిధుల దగ్గర అంత పట్టింపు ఉన్న రాష్ట్రంలో, పేరు మార్పుకు అయిన ఖర్చు లెక్క మాత్రం సభ ముందుకు రాలేదు.

4. రోగుల సంగతి. ఆరోగ్యశ్రీ 2007లో రాజీవ్ గాంధీ పేరుతో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది. 2024 తర్వాత మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. పథకం ఒకటే, రోగి ఒకడే, గుండె జబ్బు కూడా అదే. పల్లెటూరి మనిషి మాత్రం పాత కార్డు పట్టుకుని నెట్‌వర్క్ ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడి ‘ఇది చెల్లుతుందా?’ అని అడుగుతాడు. చెల్లుతుందని అధికారులకు తెలుసు. అతనికి తెలియదు. నేతల బొమ్మల కోసం కార్డులు మార్చిన ప్రతిసారీ ఈ అనుమానం కొత్తగా పుడుతుంది. ఆబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరిగినట్లు అన్న సామెత ఇంతకన్నా ఎక్కడ సరిపోతుంది?

5. ఊరి పేరు పోవడం. 2010లో కడప జిల్లాను వై.ఎస్.ఆర్. జిల్లా చేశారు. కడప అన్న మాటే జిల్లా పేరులో లేకుండా పోయింది. దేవుని కడప ఉన్న జిల్లా, శతాబ్దాల చరిత్ర ఉన్న ఊరి పేరుతో వచ్చిన జిల్లా. దాన్ని సరిదిద్ది వై.ఎస్.ఆర్. కడప జిల్లా అనడానికి 2025 దాకా పట్టింది. పదిహేనేళ్లు. రాజశేఖరరెడ్డి అభిమానులే ఎక్కువగా ఉన్న జిల్లాలో కూడా జనం నోటి నుంచి కడప పోలేదన్నది గమనించండి.

6. పిల్లలు ఎవరి పేరు వింటున్నారన్నది. హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియం, విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియం, ఉప్పల్ రాజీవ్ గాంధీ స్టేడియం, విశాఖ వై.ఎస్. రాజశేఖరరెడ్డి స్టేడియం. పెద్ద ఆటస్థలాలకు ఆటగాళ్ల పేర్లు అరుదు. 2025 అక్టోబరులో విశాఖ స్టేడియంలో రెండు స్టాండ్లకు మహిళా క్రికెటర్లు మిథాలీ రాజ్, రావి కల్పన పేర్లు పెట్టారు. క్రికెటర్ స్మృతి మంధాన అడిగిన ప్రశ్న దానికి కారణం. ఒక ఆటగత్తె అడిగితే తప్ప ఆ ఆలోచన రాలేదన్నది వేరే విషయం. ఏమైనా మంచి పని జరిగింది, ఎవరూ ధర్నా చేయలేదు, ఎవరూ దాన్ని మార్చమని అడగరు.

7. తగవులు. 2014 నవంబరులో శంషాబాద్ విమానాశ్రయ దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరు పెడతామని కేంద్రం చెబితే రాజ్యసభలో గొడవ జరిగింది, తెలంగాణ శాసనసభ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. కొత్తగా ఏర్పడిన రాష్ట్రానికి అప్పుడు చేయాల్సిన పనులు ఎన్ని ఉన్నాయో మీకు వేరే చెప్పనక్కర్లేదు. 2022 మేలో అమలాపురంలో, కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చడం మీద మొదలైన గొడవలో మంత్రి ఇల్లు, శాసనసభ్యుడి ఇల్లు తగలబడ్డాయి. అంబేద్కర్ పేరు పెట్టడం తప్పని నేను అనడం లేదు, ఆ పేరు మీద ఇళ్లు తగలబెట్టినవారిని సమర్థించడం అసలే లేదు. జిల్లా ఏర్పడిన రోజునే అందరితో మాట్లాడి ఆ పేరు పెట్టి ఉంటే, ఏప్రిల్‌లో ఒక పేరు, మేలో మరో పేరు అనే పరిస్థితి వచ్చేది కాదు. తర్వాత కేసుల్లో ఇరుక్కుని ఉద్యోగాలు పోతాయని భయపడిన కుర్రాళ్లలో ఏ నాయకుడి కొడుకూ ఉన్నట్లు నేను వినలేదు.

ఒక విచిత్రం చెప్పాలి. జిల్లా పేరు మార్చాలంటే 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ప్రకారం ముందు ప్రాథమిక నోటిఫికేషన్ ఇవ్వాలి, 30 రోజులు అభ్యంతరాలు తీసుకోవాలి. లక్షల మంది పట్టాల మీద ఉండే విశ్వవిద్యాలయం పేరుకు మాత్రం అలాంటి గడువేమీ లేదు. పొద్దున బిల్లు, సాయంత్రానికి మూజువాణి ఓటు. జిల్లాకు ఉన్న రక్షణ విద్యాసంస్థకు ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాలేదు. ఉండాలని ఎవరైనా కోరుకోవడం లేదేమో.

కేంద్ర హోంశాఖ 1953లోనే ఊళ్ల పేర్ల మార్పుపై రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. చరిత్రతో ముడిపడిన పేర్లను వీలైనంతవరకు మార్చవద్దని, కేవలం గౌరవం చూపడానికి గ్రామాలకు జాతీయ నాయకుల పేర్లు పెట్టవద్దని అందులో ఉంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన సంవత్సరమూ అదే. స్వాతంత్ర్య పోరాటం చేసిన నాయకులు ఇంకా బతికి ఉన్న కాలంలో, వారి ప్రభుత్వమే పెట్టుకున్న నియమం అది. సుప్రీంకోర్టు 2013 జనవరిలో రోడ్ల మీద, ప్రజలు వాడుకునే స్థలాల్లో విగ్రహాలకు అనుమతులు ఇవ్వవద్దని రాష్ట్రాలను ఆదేశించింది. తమిళనాడులో ఒక మాజీ ముఖ్యమంత్రి విగ్రహం విషయంలో, మాజీ నేతలను కీర్తించడానికి ప్రజాధనం ఎందుకని 2025లో అడిగింది. విగ్రహానికి వర్తించిన తర్కం బోర్డుకు వర్తించదా?

మీలో కొందరు చెప్పే సమాధానాలు నాకు తెలుసు. రెండింటికి మాత్రం బదులిస్తాను.

‘వాళ్లు ముందు మార్చారు, మేము సరిదిద్దాం’ అన్నది మొదటిది. 2024లో జరిగింది అదేనని ఒప్పుకుందాం. తీసేసిన పేరును తిరిగి పెట్టడం అన్యాయం కాదు. కానీ ఆ బిల్లులోనే ‘ఇకపై ఈ సంస్థ పేరు మారదు, ఇతర సంస్థల పేర్లు కూడా మేము మార్చం’ అని అన్ని పక్షాలను కూర్చోబెట్టి మాట తీసుకుని ఉంటే దాన్ని దిద్దుబాటు అనేవాళ్లం. అలా జరగలేదు. రేపు ప్రభుత్వం మారితే ఏమవుతుందో ఆ విశ్వవిద్యాలయంలో ఏ గుమాస్తాను అడిగినా చెబుతాడు. పాత లెటర్‌హెడ్లు పారేయకుండా దాచుకున్నవారు కూడా ఉండే ఉంటారు.

‘ఇది ప్రజల మనోభావాల విషయం’ అన్నది రెండోది. మనోభావాలు ఉన్నాయి, కాదనను. పొట్టి శ్రీరాములు పేరు తీసి తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టే బిల్లు 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ ఆమోదించింది. సురవరం పేరుకు అర్హత లేదని తెలుగు చదివినవారెవరూ అనరు. గోల్కొండ పత్రిక నడిపిన మనిషి, తెలంగాణలో కవులే లేరన్న మాటకు కవుల సంచికతో జవాబిచ్చిన మనిషి. ఆయన పేరుతో కొత్త సంస్థ పెడితే అందరూ చప్పట్లు కొట్టేవారు. 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలిన మనిషి పేరు దింపి ఆ స్థానంలో పెట్టడం వల్ల సురవరం పేరు కూడా ఒక వివాదంలో చిక్కుకుంది. అప్పుడే శ్రీరాములు పేరును చర్లపల్లి రైల్వే టెర్మినల్‌కు పెట్టమని కేంద్రాన్ని కోరారు. ఒక చోట నుంచి తీసి ఇంకో చోట సర్దడానికి ఆయన పేరేమన్నా ఆఫీసు కుర్చీయా? కాళోజీ, జయశంకర్, చాకలి ఐలమ్మ పేర్లను కొత్త సంస్థలకో, కొత్త రూపం తెచ్చుకున్న సంస్థలకో పెట్టినప్పుడు ఇంత బాధ కలగలేదు. తేడా అక్కడుంది.

వెనక్కి తగ్గడం అసాధ్యమేమీ కాదని కూడా మీకు గుర్తు చేయాలి. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో అబ్దుల్ కలాం ప్రతిభా పురస్కారాల పేరును వై.ఎస్.ఆర్. విద్యా పురస్కారాలుగా మారుస్తూ ఉత్తర్వు వచ్చింది. జనం తప్పుబట్టారు. అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ఆ ఉత్తర్వును రద్దు చేయించారు. ఆయన గౌరవం తగ్గలేదు, ప్రభుత్వం పడిపోలేదు. అదే ముఖ్యమంత్రి మూడేళ్ల తర్వాత విశ్వవిద్యాలయం విషయంలో అలా చేసి ఉంటే ఈ లేఖ అవసరం ఉండేది కాదు.

ఇక మా కోరికలు. ఏ ఒక్క పార్టీనీ ఉద్దేశించినవి కావు, రెండు సభల్లోనూ అధికార పక్షానికి, ప్రతిపక్షానికి సమానంగా వర్తించేవి.

1. ఈ రోజు ఉన్న పేర్లను ఉన్నట్లే వదిలేయండి. నచ్చనివి కూడా. ఎన్టీఆర్ పేరు ఉన్నచోట ఎన్టీఆర్, వై.ఎస్.ఆర్. పేరు ఉన్నచోట వై.ఎస్.ఆర్., రాజీవ్ పేరు ఉన్నచోట రాజీవ్. లెక్క సరిచేయడానికని ఇంకో విడత మార్పులు మొదలుపెట్టవద్దు.

2. బతికి ఉన్న రాజకీయ నాయకుల పేర్లు ఏ ప్రభుత్వ సంస్థకూ, స్టేడియానికీ, కళాక్షేత్రానికీ పెట్టకూడదని చట్టం చేయండి. 2021లో అహ్మదాబాద్ మొతేరా స్టేడియానికి పదవిలో ఉన్న ప్రధానమంత్రి పేరు పెట్టినప్పుడు నవ్వినవారు మన రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఆ నవ్వుకు మన దగ్గర అవకాశం ఉండకూడదు. మరణించిన నాయకుల విషయంలో కనీసం 25 ఏళ్లు ఆగాలి. రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరులో పోతే ఏడాది తిరగకుండానే జిల్లా పేరు మార్చారు, రామారావు పోయిన రెండేళ్లకు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. దుఃఖం వేడిలో పెట్టిన పేర్లే తర్వాత పార్టీ జెండాలుగా మారాయి. పాతికేళ్ల తర్వాత కూడా జనం ఆ పేరు అడిగితే అప్పుడు పెట్టండి, ఎవరూ తీయరు.

3. పేరు పెట్టే బిల్లైనా, మార్చే బిల్లైనా కనీసం 60 రోజుల ముందు ప్రజల ముందు పెట్టి అభ్యంతరాలు తీసుకోవాలి. తర్వాత బిల్లును వివరంగా పరిశీలించే సభ్యుల సెలెక్ట్ కమిటీకి పంపాలి. ప్రవేశపెట్టిన రోజే ఆమోదించడం కుదరదని సభా నియమాల్లోనే రాసుకోండి. ఒక సభ చేసిన చట్టాన్ని తర్వాతి సభ మార్చగలదని నాకు తెలుసు, అందుకే చట్టం ఒక్కటే చాలదంటున్నాను. అన్ని పార్టీల శాసనసభాపక్ష నేతలు సంతకం చేసిన హామీ పత్రం కూడా సభ రికార్డుల్లో ఉండాలి. తప్పితే ఎవరు తప్పారో జనానికి తెలుస్తుంది.

4. అలాంటి ప్రతి బిల్లుకు ఖర్చు వివరం జతచేయాలి. బోర్డు నుంచి సాఫ్ట్‌వేర్ దాకా అన్నీ. ఆ ఖర్చు విద్యార్థుల ఫీజుల నుంచి తీయకూడదు.

5. ఇప్పటికే జరిగిన నష్టానికి: 1986 నుంచి ఇప్పటిదాకా ఆ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఉన్న పేర్లన్నీ, అవి ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అమల్లో ఉన్నాయో, అన్నీ ఒకే సంస్థవని తెలిపే ధ్రువపత్రం అడిగినవారందరికీ ఉచితంగా, ఆన్‌లైన్‌లో, ఒక వారంలోపు అందాలి. తెలంగాణలో ఉన్నవారికి, విదేశాల్లో ఉన్నవారికి కూడా. మన రాష్ట్రాల మెడికల్, నర్సింగ్ కౌన్సిళ్లు ఆ పత్రాన్ని ఇంకేమీ అడగకుండా అంగీకరించాలి. పై నాలుగింటికీ సమయం పట్టవచ్చు. దీనికి బిల్లు కూడా అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. ఇది రేపే చేయండి.

6. ఇకపై కొత్త పథకాలకు నేతల పేర్లు వద్దు. ఆరోగ్యశ్రీ అన్న మాట వెనక, ముందు ఏ పేరూ లేకుండానే జనం నోట నిలిచింది.

7. కొత్తగా కట్టే స్టేడియాలకు ఆటగాళ్లవి, ఆడిటోరియాలకు కళాకారులవి, ఆసుపత్రులకు స్థలమిచ్చిన దాతలవి లేదా ఊరి పేర్లు పెట్టండి. హైదరాబాద్‌లో త్యాగరాయ గానసభ, విజయవాడలో తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం, హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం ఉన్నాయి. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల, 1946లో మొదలైన గుంటూరు వైద్య కళాశాల ఇన్ని ప్రభుత్వాలు మారినా దశాబ్దాలుగా అవే పేర్లతో ఉన్నాయి. అక్కడ చదివినవారెవరూ తమ కళాశాల పేరు రుజువు చేసుకోవడానికి మా కౌంటర్ దగ్గర నిలబడలేదు.

ఈ లేఖకు సభ బయట జవాబు ఇవ్వనక్కర్లేదు. తదుపరి సమావేశాల్లో మీలో ఒక్కరైనా, ఏ పార్టీవారైనా సరే, ఈ కింది నక్షత్ర గుర్తు ప్రశ్న (మంత్రి సభలో నోటిమాటగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న) వేయండి. ప్రశ్న నేనే రాసి ఇస్తున్నాను:

‘2022, 2024 సవరణ చట్టాల తర్వాత విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు మార్పు కోసం విశ్వవిద్యాలయం, అనుబంధ ప్రభుత్వ కళాశాలలు విడివిడిగా ఎంత ఖర్చు చేశాయి? ఆ డబ్బు ఏ పద్దు నుంచి తీశారు? పేరు తేడా కారణంగా ధ్రువీకరణ కోసం ఎంతమంది విద్యార్థులు, పూర్వ విద్యార్థులు దరఖాస్తు చేశారు? వారి నుంచి ఎంత రుసుము వసూలు చేశారు? అందులో ఎన్ని దరఖాస్తులు ఇంకా పెండింగులో ఉన్నాయి?’

మంత్రి ఇచ్చే సమాధానం ప్రతి మాకు అందేలా చూడండి.

ఇట్లు,
ప్రభుత్వ వైద్య కళాశాల విశ్రాంత ఉద్యోగి,
కృష్ణా తీరం నుంచి